పుస్తకదానము – ఫైళ్ల పంపకము: కూచిపూడి ప్రతుల విషయమై ఒక విచారణ

తాళపత్రము శాశ్వతము కాదు. చెదలు, తేమ, అగ్ని, అశ్రద్ధ దానికి నిత్యశత్రువులు. అయినను ప్రాచీనశాస్త్రములు నేటివరకు నిలిచి యున్నవనిన, ఒక ఆకు శిథిలమగులోపల మరియొక ఆకుపై దానిని వ్రాసికొనినవారు తరతరమునను ఉండుటయే కారణము. పురాణములు పుస్తకదానమును విద్యాదానములో భాగముగా ప్రశంసించినది ఇందువలననే. నేడు ఆ ప్రతిలేఖనకార్యము కంప్యూటరు ద్వారా జరుగుచున్నది. ఫైళ్లను దాచి పంచిపెట్టు వ్యాపారసంస్థలు ఎప్పటికప్పుడు క్రొత్త సౌకర్యములను ప్రకటించుచున్నవి. ఎక్కువ స్థలము, ఎక్కువ వేగము, ఒకే ఫైలును పలువురు చూచుకొను వీలు, వినియోగదారుల సమూహములను గూర్చిన వార్తలు వీనిలో ముఖ్యమైనవి. ప్రాచ్యకళాశాలల అధ్యాపకులును, పరిశోధకులును ఈ సౌకర్యములను వాడుకొనుచున్నారు. ఇవి గ్రంథరక్షణకు ఎంతవరకు తోడ్పడును అనునది విచారింపదగిన విషయము. కూచిపూడి యక్షగానప్రతులను ఉదాహరణముగా గ్రహించినచో ఇది స్పష్టపడును.

కృష్ణాజిల్లా మొవ్వ మండలములోని కూచిపూడి గ్రామము నాట్యమునకు పేరు గన్నది. కాని నాట్యముతోపాటు వాఙ్మయమును గూడ ఆ గ్రామము కాపాడినది. సిద్ధేంద్రయోగి కృతిగా ప్రసిద్ధమైన భామాకలాపము, భాగవతుల రామయ్య రచించిన గొల్లకలాపము, మేళములు ప్రదర్శించుచు వచ్చిన ప్రహ్లాద, ఉషాపరిణయాది యక్షగానములు భాగవతుల కుటుంబములయందు వ్రాతప్రతులుగా, కంఠస్థపాఠములుగా సంక్రమించినవి. ఇవి కేవలము చదువుకొనుటకు వ్రాసికొనినవి కావు. దరువు, ద్విపద, కందార్థము, సంధివచనము ఎచ్చట రావలెనో, ఏ రాగతాళములలో నడువవలెనో తెలుపు ప్రయోగప్రతులు. ఒక కుటుంబపు పాఠమునకును మరియొక కుటుంబపు పాఠమునకును భేదములు కలవు. ఆ భేదములు దోషములని త్రోసివేయదగినవి కావు. ఒక సంప్రదాయము ఏ విధముగా పెరిగినదో తెలుపు సాక్ష్యములు అవియే.

ఇట్టి సాక్ష్యము ఒక్క ఇంటిలో ఒక్క పెట్టెయందు మాత్రమే ఉన్నచో దాని ఆయువును గూర్చి నిశ్చింతగా నుండుటకు వీలు లేదు. కృష్ణాడెల్టా తేమ నేల. 1864 నవంబరు 1వ తేదీన బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన తుడిచివేసినది. ఆ తుపానులో మరణించినవారు సుమారు 10,000 మంది. కూచిపూడి ఈ రెండు ప్రాంతములకును సమీపమున నున్నది. మనుష్యులకే రక్షణ లేని వేళ గ్రంథములకు రక్షణ యెక్కడిది? కావున గ్రంథరక్షణలో ప్రథమసూత్రము ప్రతులు దూరదూరములలో నుండవలెననుట.

ఈ సూత్రమునకు చరిత్రలో నిదర్శనములు కొల్లలు. నాట్యశాస్త్రమునకు అభినవగుప్తుడు కాశ్మీరమున రచించిన అభినవభారతి కేరళదేశపు ప్రతుల వలన లోకమునకు దక్కినది. దానిని పరిష్కరించి, 1926లో బరోడా గైక్వాడ్ గ్రంథమాలలో ప్రథమసంపుటమును ప్రకటించినవారు ఆంధ్రులైన మానవల్లి రామకృష్ణకవి. ఆయనయే నన్నెచోడుని కుమారసంభవమును తంజావూరు ప్రతినుండి వెలికి తీసి 1909లో ప్రకటించిరి. రచన ఒకచోట, రక్షణ మరియొకచోట. మధ్యనున్నవారు పేరు తెలియని లేఖకులు. బందరు, రాజమహేంద్రి, కడప ప్రాంతములలో ఉద్యోగము చేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ పండితులను నియమించి, ఒక్కొక్క కావ్యమునకు పలు ప్రతులు సేకరింపించి, సరిచూపించి, శుద్ధప్రతులు వ్రాయించెను. ఆ పని జరుగకున్నచో తెలుగు కావ్యములలో కొన్నిటి గతి ఏమై యుండెడిదో ఊహింపవచ్చును.

ఈ దృష్టితో చూచినచో ఆధునికమైన పంపకపద్ధతులలో ఒకటి విశేషముగా గమనింపదగినది. 2001లో బ్రామ్ కోహెన్ అను అమెరికా దేశీయుడు బిట్‌టొరెంట్ అను పద్ధతిని రూపొందించెను. తరువాత ఆ పేరుతో ఒక సంస్థయు ఏర్పడినది. 2018లో అది వేరొకరి యాజమాన్యములోనికి పోయినది. సంస్థ సంగతి అటుండగా, పద్ధతి ఇట్టిది: పెద్ద ఫైలును చిన్నచిన్న ఖండములుగా విభజింతురు. ఒక ఖండమును గ్రహించినవాడు, తక్కినవి తనకు చేరుచుండగనే, దానిని ఇతరులకు అందించుచుండును. పూర్తి ప్రతి కలిగి ఇతరులకిచ్చువారికి విత్తువారు అను అర్థములో సీడర్లని పేరు. గ్రహీత దాత యగుట ఇందలి విశేషము. గురుకులములో చదువుకొనిన విద్యార్థి తన ప్రతిని తాను వ్రాసికొని, స్వగ్రామమునకు పోయి, తన శిష్యుల చేత వ్రాయించిన పద్ధతికిని దీనికిని సారూప్యము కలదు. విత్తువా డొక్కడును మిగులనిచో పట్టికలో పేరుండును గాని ఫైలు లభింపదు. గ్రంథసూచికయందు పేరుండి, ప్రతి దొరకని సందర్భములు పరిశోధకులకు క్రొత్త కావు.

ఈ పద్ధతిలో ప్రతి ఖండమునకును గణితము ద్వారా సాధించిన ఒక సంఖ్య జతపడి యుండును. ఒక్క అక్షరము మారినను ఆ సంఖ్య మారును. అట్టి ఖండమును యంత్రము త్రోసివేయును. వేదాధ్యయనములో పద, క్రమ, జటా, ఘనపాఠములు వర్ణమాత్రమైనను చెడకుండ కాపాడుటను ఇది స్ఫురింపజేయును. అయితే ఇచ్చట భేదమును మరువరాదు. మాతృకయందున్నది యథాతథముగా వచ్చినదని మాత్రమే ఆ సంఖ్య చెప్పును. మాతృకలోని పాఠము సాధువని చెప్పదు. తప్పుపాఠము గూడ అంతే శ్రద్ధగా వేయిచోట్లకు ప్రాకును. కావున పాఠపరిష్కర్త పని యంత్రము వలన తగ్గదు, పెరుగును.

ఇక వ్యాపారసంస్థల స్థైర్యమును గూర్చి. 2012 జనవరిలో అమెరికా ప్రభుత్వాధికారులు మెగాఅప్‌లోడ్ అను సంస్థను మూయించినపుడు, న్యాయముగా తమ ఫైళ్లను అచ్చట దాచుకొనినవారు సైతము వానిని పొందలేకపోయిరి. ర్యాపిడ్‌షేర్ అను మరియొక సంస్థ 2015 మార్చి నెలాఖరున తనంత తానే మూతపడినది. ప్రజాధనముతో జరిగిన కృషియు ఈ భయమునకు అతీతము కాలేదు. ఆచార్య రాజ్ రెడ్డి ప్రేరణతో ఆరంభమైన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా కొరకు హైదరాబాదులోని అంతర్జాతీయ సమాచార సాంకేతిక సంస్థ, తిరుమల తిరుపతి దేవస్థానము మొదలైన కేంద్రములలో వేలకొలది తెలుగు, సంస్కృత గ్రంథములు ఛాయాప్రతులైనవి. 2017 నాటికి ఆ భాండాగారపు ద్వారము పాఠకులకు మూసికొనిపోయినది. అందలి గ్రంథములు నేడు చదువుకొన వీలగుచున్నవనిన, ఇతరులు వానిని దింపుకొని ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి చోట్ల నిలుపుటయే కారణము. ఇచ్చటను రక్షించినది ప్రతిలేఖనమే.

అదే భాండాగారము మరియొక పాఠమును గూడ నేర్పినది. అందు పుటలు లోపించిన గ్రంథములు, ఆంగ్లలిపిలో గుర్తింపరాకుండ మారిపోయిన పేర్లు, కర్తృనామము తారుమారైన పట్టికలు తక్కువ కావు. పూర్వలేఖకుడు గ్రంథాంతమున తన పేరు, సంవత్సరము, మాసము, తిథి, ఎవరికొరకు వ్రాసినది తెలిపి, తప్పులు మన్నింపుమని వేడుకొనెడివాడు. ఆ పుష్పిక లేని ఫైలు గోత్రము తెలియని వానివంటిది. కూచిపూడి ప్రతి విషయములో ఇది మరింత ముఖ్యము. ఏ కుటుంబపు ప్రతి, ఏ మేళము వాడినది, ఎవరు ఛాయాచిత్రము తీసిరి, ఎన్ని ఆకులు లోపించినవి అను వివరములు లేనిచో రెండు భామాకలాపపాఠములను పోల్చుట వ్యర్థశ్రమ యగును.

విద్యను అధికారి నెరిగి ఈయవలెనను సంప్రదాయమున్నది కదా, అందరికి పంచుట ఉచితమా యను ఆక్షేపము రావచ్చును. ఇది తేలికగా త్రోసివేయదగినది కాదు. యక్షగానము భాగవతులకు జీవిక. ప్రతిని దాచుకొనుట జీవికను కాపాడుకొనుటయే. అయితే జతులు, అభినయము, దరువు నడక గురుముఖమున గాని పట్టువడవు. గ్రంథపాఠము నలుగురి చేత బడినంతమాత్రమున గురువునకు లోటు కలుగదు. పాఠము నశించినచో గురువునకును చెప్పుటకు మిగులదు. కాని కుటుంబపు అనుమతియు, వారి పేరును తప్పనిసరి. 1999లో ఆరంభమైన నాప్‌స్టర్ సంస్థ హక్కుదారుల అనుమతి లేని సంగీతపంపకమునకు తోడ్పడినందుననే న్యాయస్థానపు ఉత్తర్వు వలన 2001లో ఆగిపోయినది. మన 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము రచయిత జీవితకాలమును, ఆపై 60 సంవత్సరములును హక్కు నిలుచును. ప్రాచీనకృతికి ఆ బంధము లేకున్నను, ఆధునిక పరిష్కర్త పీఠికకును, ప్రదర్శన దృశ్యముద్రణకును హక్కులు వేరుగా నుండును.

2003లో ఏర్పడిన జాతీయ వ్రాతప్రతుల సంస్థయు, 2025 కేంద్ర బడ్జెటులో ప్రకటింపబడిన జ్ఞానభారతం కార్యక్రమమును ఈ దిశలోని పెద్ద ప్రయత్నములు. రెండవదాని లక్ష్యము కోటికి పైబడిన వ్రాతప్రతులు. ప్రభుత్వము చేయునని ప్రాచ్యకళాశాలలు చేతులు ముడుచుకొని కూర్చుండుట తగదు. కూచిపూడి ప్రతులను కుటుంబముల సమ్మతితో ఛాయాచిత్రములుగా తీసి, ప్రతిదానికి పుష్పిక చేర్చి, ఒక ప్రతిని గ్రామముననే, ఒకటి సముద్రమునకు దూరముగా నున్న కళాశాలలో, మరియొకటి తంజావూరు సరస్వతీమహలు వంటి అన్యప్రాంత భాండాగారములో ఉంచవలెను. ఏటేట ఒక నియతదినమున ఆ ఫైళ్లను తెరచి, అన్నియు చదువ వీలగుచున్నవో లేవో సరిచూడవలెను. విద్యార్థులకు పాఠభేదసంకలనమును పరిశోధనాంశముగా ఈయవలెను. వ్యాపారసంస్థల సౌకర్యములను వాహనముగా వాడుకొనవచ్చును; భాండాగారముగా నమ్మరాదు. ఒక ప్రతిని గ్రహించిన ప్రతి కళాశాలయు మరియొక కళాశాలకు దానిని అందించు బాధ్యతను వహించిననాడే ఈ పంపకము పుస్తకదానమను పేరునకు అర్హమగును.