ఏసీలకూ ఫోన్ల లాంటి కంపారిజన్ టెస్ట్ కావాలి

రెండు ఫోన్ల బ్యాటరీలు పోల్చాలంటే ఏం చేస్తాం? ఒకే బ్రైట్‌నెస్‌లో, ఒకే వీడియో పెట్టి పక్కపక్కనే నడిపిస్తాం. ఎంఏహెచ్ నంబర్ చూసి తీర్పు చెప్పేయం. మరి లైబ్రరీకో, కలెక్టరేట్‌కో ఏసీలు కొనేటప్పుడు టన్నులు, స్టార్లు, ధర చూసి ఆర్డర్ పెట్టేస్తే ఎలా? ఆ కరెంటు బిల్లు కట్టేది మన పన్నులతోనే కదా!

సరైన టెస్ట్ ఎలా ఉండాలో హైదరాబాద్‌లోనే చేసి చూపించారు. పోచారం ఇన్ఫోసిస్ క్యాంపస్‌లో 2011లో వాడకంలోకి వచ్చిన ఓ బిల్డింగ్‌ను రెండు సగాలు చేశారు. ఒక సగంలో మామూలు సెంట్రల్ ఏసీ. రెండో సగంలో రేడియంట్ కూలింగ్, అంటే శ్లాబ్‌లోని పైపుల్లో చల్లటి నీళ్లు తిప్పడం. ఎండ ఒకటే, మీటర్లు వేరు. రెండేళ్ల లెక్కలో రేడియంట్ వైపు కరెంటు సుమారు 34 శాతం తక్కువ కాలింది. కట్టడానికి అదనపు ఖర్చూ కాలేదు.

అలాగని ప్రతిచోటా ఇదే విన్నర్ కాదు. గాలిలో తేమను విడిగా తీయకపోతే చల్లటి శ్లాబ్‌కి చెమ్మ పట్టి నీళ్లు కారతాయి. విశాఖ లాంటి ఊళ్లలో ఇది చిన్న విషయం కాదు. పాత బిల్డింగ్ శ్లాబ్‌లో పైపులు వేయడం కుదరదు. అక్కడ ముందు డాబాకి కూల్ రూఫ్ పెయింట్, 75 వాట్ల ఫ్యాన్ల బదులు 30 వాట్ల దగ్గర తిరిగే బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఆ తర్వాతే ఏసీ.

అందుకే నా మాట ఇదీ: కొత్త సిస్టమ్ మొత్తం బిల్డింగ్‌కి కొనేముందు, ఒకే ఫ్లోర్‌లో సగానికి పెట్టి ఒక వేసవి నడపండి. రెండు మీటర్ల రీడింగ్‌లూ నోటీస్ బోర్డు మీద పెట్టండి. స్పెక్ షీట్‌ని మేం ఫోన్‌కే నమ్మం, బిల్డింగ్‌కి ఎలా నమ్ముతాం?