కంట్లో లెన్స్... ఏది మేలు?

నలభై దాటాక పేపరు చేతిలో దూరం జరుగుతూ పోతుంది. సూదిలో దారం ఎక్కించాలంటే పిల్లల్ని కేకేయాల్సిందే. ఇదే చత్వారం. చత్వారింశత్ అంటే నలభై మరి! కంట్లోని లెన్స్ గట్టిపడి, దగ్గరి వస్తువులకు తగ్గట్టు మారలేకపోవడమే కారణం. అదే లెన్స్ మసకబారితే శుక్లం.

ఒకప్పుడు శుక్లం తీశాక సోడాబుడ్డి కళ్లద్దాలే గతి. ఆ బాధ తప్పించినవారు లండన్ వైద్యుడు హెరాల్డ్ రిడ్లీ. రెండో ప్రపంచయుద్ధంలో యుద్ధవిమానాల ప్లాస్టిక్ ముక్కలు పైలట్ల కళ్లలో దిగినా కన్ను వాటిని భరించడం చూసి, అదే రకం ప్లాస్టిక్‌తో 1949లో తొలి లెన్స్ అమర్చారు. మదురైలోని అరోల్యాబ్ 1992 నుంచి చవగ్గా తయారుచేయడంతో మన సామాన్యులకూ అవి అందాయి.

చిక్కంతా ఎంపికలోనే. ‘ఆపరేషనయితే ఇక అద్దాలక్కర్లేదు’ అనుకుని వెళ్లి, తీరా పేపరు చదవలేక ఉసూరుమనేవాళ్లున్నారు. మోనోఫోకల్ లెన్స్‌ది ఒకే దూరం. సాధారణంగా దూరపు చూపుకే అమరుస్తారు, చదవడానికి అద్దాలు తప్పవు. మల్టీఫోకల్ అయితే దగ్గరా దూరం రెండూ చూపిస్తుంది. కానీ ఖరీదెక్కువ. పైగా రాత్రిళ్లు ఎదురొచ్చే బండ్ల లైట్ల చుట్టూ వలయాలు కనిపించొచ్చు. మసక వెలుతురులో స్పష్టతా తగ్గొచ్చు. రాత్రిపూట లారీ నడిపే మనిషికి ఇది వరమేమీ కాదు! రెటీనా దెబ్బతిన్నవారికీ, గ్లాకోమా ముదిరినవారికీ సాధారణంగా వద్దనే అంటారు. ఒక కంటికి దూరపు లెన్స్, రెండోదానికి దగ్గరి లెన్స్ పెట్టే పద్ధతీ ఉంది. అది అందరికీ సరిపడదు కాబట్టి ముందుగా కాంటాక్ట్ లెన్సులతో సరిచూసుకోవచ్చు.

ఒకసారి కుదురుకున్న లెన్స్‌ను మార్చడం అంత తేలిక కాదు. అందుకే కుట్టుపనా, కంప్యూటరా, డ్రైవింగా... రోజంతా ఏం చేస్తారో డాక్టరుకు ముందే చెప్పాలి.

శుక్లం లేకపోయినా చత్వారం పోగొట్టుకోవడానికే లెన్స్ మార్పించుకునేవారూ ఉన్నారు. అరుదుగానైనా ఇన్‌ఫెక్షన్, రెటీనా ఊడటం వంటి ముప్పులుంటాయి. రీడింగ్ గ్లాసులతో తీరే పనికి అంత తొందరెందుకు? శుక్లం ఉన్నవారు మాత్రం ‘ముదరనీ’ అంటూ ఏళ్ల తరబడి ఆగనక్కర్లేదు. బాగా ముదిరితే తీయడమే కష్టం.

ఆపరేషనయిన కొన్ని నెలలకో ఏళ్లకో చూపు మళ్లీ మసకబారితే శుక్లం తిరిగొచ్చిందని హడలిపోతారు. అది రాదు. లెన్స్ వెనకున్న పలచటి పొర మసకబారొచ్చు. కారణం అదేనని పరీక్షలో తేలితే, యాగ్ లేజర్‌తో నిమిషాల్లో సరిచేస్తారు.