బిడ్డ రంగు కోసం తల్లి రక్తం

గర్భిణి ఉన్న ఇంటికి కుంకుమపువ్వు రావడం మన దగ్గర ఆనవాయితీ. గ్రాము వందల రూపాయలు పలికే ఆ రేకుల్ని పాలలో వేసి తాగిస్తారు, బిడ్డ దబ్బపండులా పుట్టాలని. అదే ఇంట్లో ఏఎన్ఎం ఇచ్చిన ఐరన్ మాత్రల అట్ట అలాగే పడి ఉంటుంది. వికారమని మానేసేవాళ్లు కొందరు. అవి మింగితే పిల్ల నల్లగా పుడుతుందని పెద్దవాళ్లు చెప్తే మానేసేవాళ్లు ఇంకొందరు. నాకు కోపం తెప్పించేది ఈ రెండో మాట. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లోనూ తెలంగాణలోనూ గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉంది. రక్తం లేని తల్లికి కాన్పులో రక్తస్రావమైతే ప్రాణం మీదికి వస్తుంది.

ఈ భయం ఎక్కడ పుట్టి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. ఐరన్ మాత్ర వేసుకుంటే మలం నల్లబడుతుంది. ఒంటికి పట్టని ఇనుము బయటికి పోవడమే అది. కడుపులోంచి నల్లగా వచ్చింది గనక కడుపులో బిడ్డా నల్లబడుతుందనుకుంటారు. పేగు వేరు, గర్భసంచి వేరు అని చెప్పేవాళ్లు పక్కన ఉండరు. ఇక కుంకుమపువ్వుకు సాక్ష్యం ఉయ్యాలలోనే దొరుకుతుంది. పసికందు మొదట్లో లేతరంగులో ఉంటుంది, మెలనిన్ తయారీ పుంజుకున్నకొద్దీ అసలు రంగు తేరుతుంది. మొదటి రోజుల రంగు కుంకుమపువ్వు ఘనత అవుతుంది. తర్వాత మారిన రంగు, నలుగు సరిగా పెట్టని తల్లి తప్పు అవుతుంది. చెవి అంచులు చూసి బిడ్డ అసలు రంగు చెప్పే అమ్మమ్మలకు పుట్టినప్పటి రంగు నిలవదని బాగా తెలుసు. ఆ తెలివినే ఒక్క అడుగు ముందుకు తీసుకెళ్తే ఈ నమ్మకం నిలబడదు.

రంగు వంశపారంపర్యం. మెలనిన్ తయారుచేసే కణాల సంఖ్య తెల్లవాళ్లలోనూ నల్లవాళ్లలోనూ దాదాపు ఒకటే; అవి ఎంత, ఎలాంటి మెలనిన్ చేస్తాయన్నదే తేడా. దాన్ని నడిపే జన్యువుల్లో ఎస్‌ఎల్‌సీ24ఏ5 ముఖ్యమైనది. మన దేశస్థుల రంగుల తేడాల్లో దాని పాత్రను 2013లో వెలువడిన పరిశోధన చూపింది, అందులో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలూ ఉన్నారు. తల్లి మొదటి గ్లాసు కుంకుమపువ్వు పాలు తాగేసరికే ఆ జన్యువులు బిడ్డకు అందిపోయి ఉంటాయి.

ఇక ఆ ఐరన్ మాత్రలో ఇనుముతో పాటు ఫోలిక్ ఆమ్లం, అంటే ఫోలేట్ కూడా ఉంటుంది. మండే ఎండలో అతినీలలోహిత కిరణాలు రక్తంలోని ఫోలేట్‌ను పాడుచేస్తాయి, దాన్ని కాపాడటానికే ఉష్ణదేశాల మనుషుల్లో నల్లని చర్మం నిలబడింది అని పరిశోధకులు జాబ్లాన్‌స్కీ, చాప్లిన్ 2000లో ప్రతిపాదించారు. ఫోలేట్ తగ్గితే బిడ్డ వెన్నుపాములో లోపాలు రావచ్చు. అంటే ఏ నలుపుకు భయపడి మాత్ర పారేస్తున్నామో, ఆ నలుపు వేల తరాలుగా చేస్తూ వచ్చిన పని కూడా కడుపులో బిడ్డను కాయడమే కావచ్చు. నల్లపిల్లను ‘నలుపు నారాయణుడు మెచ్చు’ అని ఓదారుస్తారు. ఓదార్చడానికి అక్కడ ఏ నష్టమూ జరగలేదు, ఏ దేవుడి మెప్పూ అవసరం లేదు.

కడుపులో మొదలైన ఈ భయం ఆ పిల్ల పెరిగేకొద్దీ వెంటే వస్తుంది. 1975లో మార్కెట్లోకొచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ క్రీముకు పేరులో ‘ఫెయిర్’ తీసేయడానికి 2020 దాకా పట్టింది. 2013లో మిస్ అమెరికా అయిన తెలుగింటి అమ్మాయి నీనా దావులూరిని అక్కడి జాత్యహంకారులు అరబ్బని, ఉగ్రవాదని దూషించారు. మనవాళ్లు మండిపడ్డారు, సబబే. కానీ ఈ రంగుతో ఇక్కడైతే మిస్ ఇండియా అయ్యేదే కాదన్న మాట కూడా అప్పుడే వినిపించింది. అమెరికాలో మన పిల్లల రంగును ఎత్తిచూపితే జాత్యహంకారం, పెళ్లిచూపుల్లో మనమే ఎత్తిచూపితే అభిరుచా? ఈ ప్రశ్నకు సంబంధాలు చూస్తున్న ప్రతి తల్లీ తండ్రీ జవాబు చెప్పాలి.

అమ్మాయిలకొక మాట. తెల్లబడటానికని మందుల షాపులో తెచ్చుకున్న గొట్టం మీద బెటామెథాసోన్, క్లోబెటాసోల్, మొమెటాసోన్ లాంటి పేర్లున్నాయేమో చూడండి. అవి స్టెరాయిడ్లు. ఇలాంటివాటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన తెచ్చినా అడిగితే ఇచ్చే షాపులున్నాయి. నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడి రక్తనాళాలు పైకి కనిపిస్తాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు వస్తాయి. ఉన్నట్టుండి ఆపితే ముఖం ఎర్రగా మండుతుంది, దాంతో మళ్లీ అదే రాయాలనిపిస్తుంది. ఎలా మానాలో చర్మవైద్యులు చెప్తారు, వెళ్లడానికి సిగ్గుపడకండి.