గంజాయి కన్నా అబద్ధమే బరువు

మా పెద్దమ్మ కొడుకు వర్జీనియాలో పుట్టి పెరిగాడు. అక్కడే ఇంజినీరింగ్ చదివి, రక్షణ శాఖకు పనిచేసే ఒక కంపెనీలో చేరాడు. అలాంటి ఉద్యోగానికి సెక్యూరిటీ క్లియరెన్స్ కావాలి. దానికోసం నింపే ఎస్‌ఎఫ్-86 ఫారంలో గత 7 ఏళ్లలో డ్రగ్స్ వాడావా అని సూటిగా అడుగుతారు. కాలేజీ రోజుల్లో అప్పుడప్పుడూ గంజాయి తాగానని అన్నయ్య ఉన్నదున్నట్టు రాసేశాడు. కొన్ని నెలలకు, క్లియరెన్స్ ఎందుకు ఇవ్వలేమో చెబుతూ నోటీసు వచ్చింది.

ఇంట్లో అందరిదీ ఒకటే మాట: "ఎవడు చూశాడ్రా? ఎందుకు రాశావ్?" వీడియో కాల్‌లో నేనూ అదే అన్నా. ఇప్పుడైతే అనను.

ఎందుకంటే ఆ నోటీసుతో కథ అయిపోదు. 20 రోజుల్లో ఒక్కో ఆరోపణకీ ప్రమాణపూర్వకంగా జవాబివ్వాలి. కావాలంటే జడ్జి ముందు విచారణ కోరవచ్చు. మానేసి ఎంతకాలమైంది, ఆ స్నేహాలు వదిలేశాడా, మళ్లీ ముట్టుకుంటే క్లియరెన్స్ పోతుందని ఒప్పుకుంటూ సంతకం పెట్టాడా అన్నవి చూస్తారు. "మా రాష్ట్రంలో గంజాయి నేరం కాదుగా" అంటే సరిపోదు, ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. సాక్ష్యాలన్నీ అప్పుడే పెట్టుకోవాలి. అక్కడ ఓడి అప్పీల్ బోర్డుకి వెళ్తే కొత్త సాక్ష్యం తీసుకోరు.

అన్నయ్య డ్రగ్ టెస్ట్ రిపోర్టులు, మేనేజర్ రాసిన ఉత్తరం, సంతకం చేసిన హామీపత్రం ఇచ్చాడు. తీర్పు ఇంకా రాలేదు. వ్యతిరేకంగానూ రావచ్చు. కానీ దాచి దొరికిపోయుంటే గంజాయికి తోడు అబద్ధం కూడా లెక్కలోకి వచ్చేది. పాత అలవాటు ఏళ్లు గడిచేకొద్దీ తేలికవుతుంది. తెలిసి చెప్పిన అబద్ధం మనిషి నమ్మకం మీదే మచ్చ. పైగా దాచుకున్న రహస్యంతోనే ఎవరైనా మనల్ని బెదిరించగలరు. చెప్పేసిన తప్పుతో ఎవడేం చేయగలడు?

మనకెందుకీ గోల అంటారా? రేపు ఇక్కడ ప్రభుత్వ ఉద్యోగంలో చేరేటప్పుడు నింపే అటెస్టేషన్ ఫారంలోనూ అరెస్టులు, కేసుల గురించి అడుగుతారు. అడిగింది నిజంగా చెప్పాలని, అయితే దాచిన ప్రతివాణ్నీ గుడ్డిగా తీసేయకూడదని 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

నా అభిప్రాయం ఒక్కటే. మారినవాడికి దారి ఉండాలి. ఆ దారి నిజం చెప్పడంతోనే మొదలవ్వాలి. కానీ నిజం చెప్పినవాణ్ని "పిచ్చోడు" అని నవ్వితే, తర్వాతివాడు దాస్తాడు. ఆ రోజు కాల్‌లో నేను నవ్వాను. అన్నయ్యకి ఇంకా సారీ చెప్పలేదు.