జింక కేకూ, జూన్ నెల పుట్టినరోజులూ

ఈసారి సంక్రాంతి వెళ్ళిన వారానికి మా మనుమడికి అయిదేళ్ళు నిండాయి. పండుగకు చేసిన సకినాలు ఇంకా డబ్బాలో ఉండగానే ఇంట్లో కేకు ప్రస్తావన మొదలైంది. "నాకు గీ జింక కేకు కావాలె తాతా" అని వాడు అలమరలోని కొయ్యబొమ్మను చూపించాడు. అది నేను పూర్వపు ఆదిలాబాద్ జిల్లాలో పనిచేసిన రోజుల్లో నిర్మల్‌లో కొన్న బొమ్మ. 2016లో ఆ నిర్మల్ వేరే జిల్లా అయింది గాని, అలమరలో జింక మాత్రం అట్లాగే మెడ తిప్పి వెనక్కి చూస్తూ ఉన్నది.

కరీంనగర్‌లో ఒక దుకాణంలో విచారిస్తే రెండు కిలోల బొమ్మ కేకుకు మూడు వేల అయిదు వందలన్నారు. మా కోడలు, "వద్దు మామయ్యా, నేనే చేస్త" అన్నది.

నిజం చెప్పాలంటే కేకు మీద నాకు మొదటి నుండీ సదభిప్రాయం లేదు. పండితుడికి తగిన కారణాలు కూడా సిద్ధంగా ఉంచుకున్నాను. మనం దీపం వెలిగిస్తాం గాని ఆర్పము. పుట్టినరోజుకు తిథి చూస్తాం గాని తేదీ చూడము. పైగా ఒక ప్రాణి రూపాన్ని శ్రమపడి తీర్చిదిద్ది, దాని మీద కత్తి పెట్టడం ఏమి వేడుక? ఈ మాటలు ఎన్నో సభల్లో చెప్పి చప్పట్లు కొట్టించుకున్నవాడిని. వాటిలో కొన్నింటిని వెనక్కి తీసుకోవడానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఆ కేకు తయారైన విధానం చెప్పాలి. చెక్కడానికి మెత్తని స్పాంజి కేకు పనికిరాదట, బరువుకు కుంగిపోతుంది. వెన్న ఎక్కువగా పడే దట్టమైన కేకును ముందురోజే కాల్చి, రాత్రంతా ఫ్రిజ్‌లో గట్టిపడనిచ్చింది. కాగితం మీద జింక ఆకారం గీసి ఇచ్చే పని నాకు పడింది. నేను బొమ్మలోని జింక లాగానే నిలబడిన జింకను గీశాను. కోడలు చూసి, "సన్నటి కాళ్ళ మీద కేకు నిలవది మామయ్యా, పండుకున్న జింకను గీయుండ్రి" అన్నది. పదార్థం ఒప్పుకోని రూపాన్ని ఊహించడం పద్యం రాసేవాడికి చెల్లుతుందేమో గాని, వంటింట్లో చెల్లదు.

పళ్ళ కత్తితో కొంచెం కొంచెంగా కోస్తూ మెడ, వీపు, మడిచిన కాళ్ళు తీసింది. రాలిన పొడిని పారవేయలేదు. దాన్ని వెన్న క్రీముతో పిసికి ముద్ద చేసి, ఆ ముద్దతో మూతిని దిద్దింది, అతుకుల దగ్గర సందులు పూడ్చింది. అది చూడగానే నాకు నిర్మల్ గుర్తుకు వచ్చింది. అక్కడ తేలికైన పొనికి కర్రతో భాగాలను విడివిడిగా చెక్కుతారు. చింతగింజల జిగురులో రంపపు పొట్టు కలిపిన ముద్దతో వాటిని అతికిస్తారు. ఆరిన తర్వాత నునుపు చేసి, తెల్లని పూత పూసి, ఆపైన రంగులు వేస్తారు. మా కోడలు కూడా పలుచగా ఒక పూత పూసి, చల్లబరచి, అటుపిమ్మట చక్కెర ముద్దను అప్పడంలా ఒత్తి పైన కప్పింది. దాన్ని ఫాండెంట్ అంటారు. కొన్ని ఫాండెంట్లలో జంతువుల ఎముకల నుండీ చర్మం నుండీ తీసే జెలటిన్ ఉంటుంది కనుక శాకాహారులు డబ్బా మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనాలి. ఫ్రిజ్ నుండి తీయగానే ఆ పూత చెమరుస్తుంది. తుడిస్తే రంగు చెదురుతుంది, తానే ఆరనివ్వాలి. చలికాలం కనుక సాగింది గాని, మా కరీంనగర్ మే నెల ఎండలకు వెన్న క్రీము ఒక గంట కూడా నిలవదు.

ఇక కొమ్ములు. చక్కెర ముద్దతో చేస్తే వాలిపోయాయి. అప్పుడు నా భార్య సకినాల పిండి తడిపింది. అదే బియ్యప్పిండి, అవే నువ్వులు, అదే వాము. నలభై ఏళ్ళుగా సకినాలు చుట్టిన చేయి రెండు కొమ్ములను చుట్టి నూనెలో వేసింది. గుచ్చేటప్పుడు ఒకటి సగానికి విరిగింది. మా జింకకు ఒకటిన్నర కొమ్ము.

ఇట్లా తినే బొమ్మలు చేయడం మనకు కొత్త కాదు. హోలీకి మా ప్రాంతపు పిల్లల మెడలో వేసే చక్కెర పేర్లు కొయ్య అచ్చుల్లో పాకం పోసి చేసినవే. ఇతర దేశాల్లోనూ ఇది ధనికుల వ్యవహారమే కానక్కరలేదు. 1980లో ఆస్ట్రేలియన్ విమెన్స్ వీక్లీ పత్రిక పిల్లల పుట్టినరోజు కేకుల పుస్తకం ఒకటి వేసింది. అట్ట మీద రైలు కేకు. లోపల జెల్లీ నీళ్ళ ఈతకొలను. బాతుకు ముక్కు ఆలుగడ్డ చిప్స్. ఇంట్లో దొరికే వాటితో తల్లులు చేసుకోగలిగినవి కనుకనే ఒక తరం పిల్లలు వాటిని ఇప్పటికీ మరచిపోలేదు.

సాయంత్రం గల్లీ పిల్లలందరూ వచ్చారు. మా వీధిలో బీడీలు చుట్టి బతికే ఒక అమ్మాయి తన కొడుకును తీసుకొని వచ్చింది. అమ్మాయి అంటున్నాను గాని, ఆమెకు నలభై దగ్గరపడ్డాయి. నేను తెలుగు పండితుణ్ణి కాకముందు జగిత్యాల వైపు ఒక ఊరి ప్రాథమిక పాఠశాలలో కొన్నేళ్ళు పనిచేశాను. ఆమె అప్పటి నా విద్యార్థిని. జింకను చూసి మురిసి, నవ్వుతూనే అన్నది: "నా పుట్టిన దినం మీరు రాసిందే గద సారూ. ఆధార్ల గుడ గదే ఉన్నది."

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ రోజుల్లో బడిలో చేర్చేటప్పుడు తేదీలు తెలిసిన తల్లిదండ్రులు తక్కువ. అయిదేళ్ళు నిండినట్లు ఉండాలి కనుక మేము జూన్‌లో ఏదో ఒక తేదీ వేసేవాళ్ళం. ఒకే తరగతిలో పదిమందికి ఒకే పుట్టినరోజు. ఆమె తల్లి చెప్పిన మాట నాకు ఇప్పటికీ జ్ఞాపకం ఉన్నది: "పెద్ద బతుకమ్మ తెల్లారి పుట్టింది సారూ." అంటే ఆ తల్లి నాకు తిథే చెప్పింది! పాత పంచాంగం తిరగేస్తే తేదీ దొరికేది. తిథి గొప్పదని సభల్లో చెప్పిన నేను, తిథి చెప్పిన తల్లి ముందు కలం తీసి జూన్ అని రాశాను.

అందుకే నా అభిప్రాయం మారింది. పుట్టినరోజు కేకులో పిల్లవాడు కోరేది తీపి మాత్రమే కాదు. ఈ దినం నాది, నా కోసం ఒకరు కూర్చొని నేను అడిగిన రూపం చేశారు అన్న నమ్మకాన్ని కోరుతాడు. దాన్ని పరదేశపు వ్యామోహమని కొట్టివేసే అర్హత నాబోటివాడికి లేదు. అయితే ఆ విలువ చేసిన చేతులది, వెలది కాదు. అప్పు చేసి మూడంతస్తుల కేకు తెప్పించి, ఫోటో తీసుకొని, పైపూత ఒలిచి చెత్తబుట్టలో వేసే చోట నా పాత మాటలే ఇంకా వర్తిస్తాయి. పక్క పిల్లవాడిని చిన్నబుచ్చే కేకు ఎంత అందంగా ఉన్నా అపచారమే.

ఇక కత్తి సంగతి. కోయబోతే మనుమడు అడ్డం వచ్చాడు, "కొయ్యొద్దు తాతా" అని. పొద్దంతా పేర్చిన బతుకమ్మను సాయంత్రం చెరువులో వదలమా అని అడిగాను. కాసేపు ఆలోచించి, తానే విరిగిన కొమ్మును తీసి ఆ బీడీల అమ్మాయి కొడుక్కి ఇచ్చాడు. రెండోది తాను కొరికాడు. ఆ తర్వాత కత్తికి అభ్యంతరం లేకపోయింది.

వెళ్ళేటప్పుడు ఆమెతో అన్నాను, ఈ యేడు పెద్ద బతుకమ్మ తెల్లవారి మా ఇంట నీకొక కేకు చేస్తారమ్మా, ఏ రూపం కావాలో చెప్పు అని. ముందు సిగ్గుపడింది. గడప దాటినాక వెనక్కి తిరిగి, "బతుకమ్మనే చెయ్యుమనుండ్రి సారూ" అన్నది.