మొగ దగ్గర గాలం

మా బావమరిది అమెరికా నుంచి వస్తూ వాళ్ళక్కకు చీరె తేలేదు. పెట్టెలో చీరెకు వుండవలసిన చోటంతా ఒక పొడుగాటి గొట్టం ఆక్రమించింది. మా ఆవిడ రెండురోజులు దాన్ని చూసి వూరుకుని, మూడోనాడు "ఏమిట్రా అది, వేణువా, నాదస్వరమా?" అని అడిగింది. వాడు మూత తీసి, నాలుగు ముక్కలుగా వున్న గాలపు కర్రను ఒకదానిలో ఒకటి బిగించి, మా వసారాలోనే ఝళిపించాడు. దండెం మీది నా పంచె తగులుకుని వచ్చింది. శ్రీకాకుళంలో ఆ గాలానికి పడ్డ మొదటి చేప అదే.

వాడుండేది న్యూయార్కు రాష్ట్రంలో, హడ్సన్ నదికి దగ్గర. ఆ నదిలోకి ఏటా వసంతకాలంలో చారల బాస్ అనే చేప సముద్రం నుంచి గుడ్లు పెట్టడానికి ఎదురీదుకుంటూ వస్తుంది. వెండి వొంటిమీద తల నుంచి తోక దాకా ఏడెనిమిది నల్లని చారలు. ఏప్రిల్, మే నెలల్లో అక్కడ గాలం వేసేవాళ్ళకు నిద్రాహారాలు వుండవట. సరిగ్గా ఆ రోజుల్లోనే మా మామగారి సంవత్సరీకం పడి వీడు ఇక్కడికి రావలసివచ్చింది. తండ్రి మీద భక్తి వుంది గాని, చేప మీద దిగులు కూడా వుంది. అందుకే గొట్టం మోసుకొచ్చాడు.

వాడు చెప్పిన విద్యలు రెండు. మొదటిదాంట్లో ఎర అన్నదే వుండదు. కొక్కేనికి ఈకలూ వెంట్రుకలూ దారంతో చుట్టి, పురుగో చిన్న చేపో అనిపించేటట్టు చేస్తారు. దానికి బరువుండదు, బరువంతా దారానిదే. కొరడా ఝళిపించినట్టు ఆ దారాన్ని వెనక్కీ ముందుకీ ఆడించి నీళ్ళమీదికి వదలాలి. రెండోది కొంచెం మోటు. మెడ దగ్గర సీసం పోతపోసిన కొక్కేన్ని అడుక్కి దించి, ఎత్తుతూ దించుతూ, దెబ్బతిన్న పరక గెంతుతున్నట్టు భ్రమ కల్పించాలి. రెండింటిలోనూ చేపను మోసం చెయ్యడమే వుంది గాని, తిండి పెట్టి మోసం చెయ్యకపోవడం గొప్పట!

"మా చేప ఒకప్పుడు అంతరించేంత పని అయింది బావా," అన్నాడు వాడు. 1984లో వాళ్ళ కాంగ్రెసు దానికోసం ప్రత్యేకంగా ఒక చట్టం చేసింది. మేరీలాండు రాష్ట్రం 1985 నుంచి అయిదేళ్ళపాటు దాన్ని పట్టడమే మాన్పించింది. చేప మళ్ళీ పెరిగింది. ఇప్పటికీ హడ్సన్‌లో మరీ చిన్నదాన్నీ మరీ పెద్దదాన్నీ వదిలెయ్యాలి. పెద్దవి తల్లులు కాబట్టి.

ఇంతకూ నేను వాడి వెంట వెళ్ళడానికి కారణం చేప కాదు. మా కాలేజీలో రెండో సంవత్సరం చదువుతున్న ఒక కుర్రవాడు నెలరోజులుగా క్లాసుకు రావడం లేదు. పద్యం చదివితే యతిస్థానం దగ్గర తనకు తానే ఆగగల కుర్రవాడు. అది నేర్పితే వచ్చేది కాదు. హాజరు చాలకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు. వాడి వూరు నాగావళి మొగకు దగ్గర. బావమరిదికి నది కావాలి, నాకు కుర్రవాడు కావాలి. ఏప్రిల్ నెలాఖరున ఒక మధ్యాహ్నం ఇద్దరం కళ్ళేపల్లి వైపు బయలుదేరాం.

కళాహాండి కొండల్లో పుట్టి, సంగాం దగ్గర సువర్ణముఖినీ వేగావతినీ కలుపుకుని, నారాయణపురం ఆనకట్ట దాటి వచ్చే నాగావళికి వేసవిలో మిగిలేది కాస్తే. మొగ దగ్గర ఇసుక మేటలు వేసి, ఏరు వంకర తిరిగి, సముద్రంలో కలవడానికి సిగ్గుపడుతున్నట్టు వుంటుంది. పోటు వచ్చినప్పుడు ఉప్పునీరు లోపలికి ఎక్కుతుంది; పాటుకు ఏటినీరు బయటికి లాగుతుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఈ తీరంలో ఇంజను పడవలకు వేట నిషేధం గనుక బోట్లన్నీ ఒడ్డున బోర్లా పడుకుని వున్నాయి.

కుర్రవాడు మోకాటిలోతు నీళ్ళలో తండ్రి పక్కన నిలబడి వున్నాడు. నన్ను చూసి పారిపోతాడనుకున్నాను. పారిపోలేదు, చేతిదారం వదలకుండానే తలవంచాడు. తండ్రి మాత్రం "రండి మాస్టారూ" అంటూ ఒడ్డుకు వచ్చాడు.

మా బావమరిది తన డబ్బా తెరిచి ఈకల కొక్కేలు చూపించాడు. ముసలాయన ఒకదాన్ని వేళ్ళతో తిప్పి చూసి, "ఇది కోడీకే గదా బాబూ," అని, మొలలోంచి తన గాలం తీశాడు. సీసం ముద్ద, దాని వెనక తెల్ల కోడి ఈక, ఒక జరీ పోగు. మావాడి ముఖం చూడవలసిందే. వేల మైళ్ళు తిరిగి వస్తే ఆ విద్య అప్పటికే ఇక్కడ మొలలో వుంది.

నేను కూడా పాండిత్యం చూపించకుండా వుండలేకపోయాను. పన్నెండో శతాబ్దంలో పడమటి చాళుక్యరాజు మూడవ సోమేశ్వరుడు 'మానసోల్లాసం' అని ఒక పెద్ద సంస్కృత గ్రంథం రాశాడనీ, అందులో 'మత్స్యవినోదం' పేరుతో గాలం వెయ్యడం గురించే ఒక ప్రకరణం వుందనీ, ఇంగ్లీషువాళ్ళు గొప్పగా చెప్పుకునే ఐజాక్ వాల్టన్ పుస్తకం 1653లో గాని రాలేదనీ చెప్పాను. ముసలాయన మర్యాదకు తలాడించాడు. కుర్రవాడు మాత్రం వెనక్కు తిరిగి, "ఆ రాజు దేనికి ఏ ఎర వేసీవాడో రాసినాడా సార్?" అని అడిగాడు. నెలరోజుల తర్వాత వాడు నన్నడిగిన మొదటి ప్రశ్న అది. రాశాడన్నాను.

ఇక్కడి రాజు పండుగప్ప. హడ్సన్ చేపకు ఇది అచ్చంగా తిరగేసిన కథ. అది సముద్రంలో పెరిగి ఏటిలో గుడ్లు పెడితే, ఇది పిల్లతనంలో ఏటిలోకి ఎక్కి పెరిగి, గుడ్లకు మొగ దగ్గరి ఉప్పునీటికి దిగుతుంది. ఇంకో చిత్రం: పుట్టి పెరిగేటప్పుడు మగది, కొన్నేళ్ళకు బాగా పెద్దదయ్యాక ఆడదిగా మారుతుంది. కాబట్టి బాగా పెద్దవన్నీ దాదాపు తల్లులే.

మావాడు గంటసేపు దారం ఝళిపించాడు. ఒకసారి తాటిమట్ట, ఒకసారి తన టోపీ పడ్డాయి. పాటు మొదలయింది. ముసలాయన నీటివాలు చూసి కొడుక్కి వేలితో ఒక చోటు చూపించాడు. కుర్రవాడు అక్కడికి సీసం విసిరి, రెండు కుదుపులు కుదిపాడో లేదో, దారం బిగిసి వేలు కోసింది. పావుగంట పట్టింది. ఇసుక మీదికి లాగేసరికి ఎనిమిది కిలోలకు తక్కువ లేదు.

"వదిలెయ్యండి, ఇది తల్లి!" అన్నాడు మావాడు ఆయాసపడుతూ. ముసలాయనకు అర్థం కాలేదు. మావాడు జేబులోంచి పర్సు తీసి, ఖరీదెంతయితే అంతా తనిస్తానన్నాడు.

"డబ్బిచ్చి నీట్లో ఒగ్గీయడమేటి బాబూ?" అన్నాడు ముసలాయన. కోపం లేదు, నిజంగా అడిగాడు. "నాను చేపలమ్ముతాను గానీ, ఒగ్గీడానికి కూలి తీసుకుంటానేటి?"

మోటారుసైకిలు మీద వచ్చిన వ్యాపారి మూడున్నర వేలిచ్చి చేపను మంచుపెట్టెలో వేసుకుపోయాడు. బోట్లు లేచి పదిహేను రోజులు దాటింది. ఆ ఇంట్లోకి ఆ పక్షంలో వచ్చిన డబ్బు అదేనట. మావాడు పర్సు జేబులో పెట్టుకుని చాలాసేపు కర్ర ముక్కలు తుడుస్తూ కూర్చున్నాడు. వాడు చెప్పింది తప్పని నేననను. ముసలాయనది తప్పని అనడానికి నాకు నోరు రాలేదు.

చీకటిపడేవేళ కుర్రవాడు అసలు సంగతి చెప్పాడు. అక్క పెళ్ళి అప్పు వుంది. వేరావల్ బోటుకు ఇరవైవేలు అడ్వాన్సు తీసుకున్నాడు. ఆగస్టులో గుజరాతు వెళ్ళాలి. ఇప్పటినుంచే వలలు అల్లే పనికి పోతున్నాడు. 2018 నవంబరులో వేరావల్ నుంచి వేటకు వెళ్ళి పాకిస్తానుకు చిక్కిన మన ఉత్తరాంధ్ర జాలర్లు 2020 జనవరిలో గాని వాఘా దాటి ఇంటికి రాలేదు. ఆ ముసలాయనకు అది సినిమా కథ కాదు. పోవద్దని కొడుకుతో అనలేడు, పొమ్మనీ అనలేడు.

"డిగ్రీ అయితే ఏటొస్తాది సార్?" అన్నాడు వాడు. ఇరవయ్యేళ్ళుగా పాఠం చెబుతున్నాను. ఆ ప్రశ్నకు నా దగ్గర సిద్ధంగా జవాబు లేదు. ఇంకో సంగతి మాత్రం చెప్పాను. 2025లో 'తండేల్' సినిమా వచ్చేదాకా తండేలు అంటే పడవపెద్ద అని తెలుగు ఎం.ఏ. చదివిన నాకు తెలియదు. 1962లో భద్రిరాజు కృష్ణమూర్తిగారు రైతుల నోటి నుంచి వ్యవసాయపు మాటలు ఏరి 'మాండలిక వృత్తిపదకోశం' మొదటి సంపుటం కూర్చారు. ఆ పద్ధతిలో మీ నాన్న నోటి మాటలు, వలలవీ గాలాలవీ గాలులవీ నీటివాలువీ, ఒక నోటుపుస్తకంలో రాసి తెస్తే ప్రాజెక్టు పనిగా తీసుకుంటాను, హాజరు సంగతి ప్రిన్సిపాలుగారితో నేను మాట్లాడతాను అన్నాను. వాడు ఏమీ అనలేదు. ముసలాయనే, "మా మాటలు కూడా రాస్తారేటి?" అని నవ్వాడు.

మావాడు వెళ్ళేరోజున గొట్టంలో తన ఈకలతోపాటు ముసలాయన ఇచ్చిన సీసపు గాలం కూడా పెట్టుకున్నాడు. మా ఆవిడ అడిగిన చీరె వచ్చేసారి తెస్తానన్నాడు.

మే రెండో వారంలో కుర్రవాడు మా ఇంటికి వచ్చాడు. నోటుపుస్తకంలో రెండువందల పదకొండు మాటలున్నాయి. అందులో సగం నేనెరగనివి. ప్రిన్సిపాలుగారు సంతకం పెట్టారు. వాడు పరీక్షలు రాశాడు. వేరావల్‌కు రైలు టిక్కెట్టు ఆగస్టు నాలుగుకు తీశారట. పుస్తకం చివర పది పేజీలు ఖాళీ వుంచాడు. "అక్కడి మాటలకి సార్," అన్నాడు.