అద్దె యెవరిత్తురు?

ఈ సంవత్సరము పౌరధర్మముల తరగతిలో మేము అమెరికా సంయుక్త రాష్ట్రముల అత్యున్నత న్యాయస్థానము 1999వ సంవత్సరము జూన్ 22వ తేదీన నిచ్చిన యొక తీర్పును గూర్చి చెప్పుచుంటిమి. వికలాంగులను అకారణముగ ఆసుపత్రులలో నుంచివేయరాదనియు, వారు జనుల నడుమ నివసింపదగినవారనియు ఆ తీర్పు సారాంశము. అంతలో వెనుక బల్లమీద కూర్చున్న విద్యార్థి యొకడు లేచి, “మాస్టారూ, ఆసుపత్రి విడిచి వచ్చిన పిమ్మట ఆమె యింటి యద్దె యెవరిచ్చిరండీ?” అని యడిగెను. తరగతి యంతయు నవ్వెను. మేమును నవ్వితిమి. ఇంటికి బోయిన తరువాత ఆ నవ్వునకు సిగ్గుపడితిమి. ఏలయన, తీర్పును గూర్చి మేము చదివినదానిలో హక్కు మాట విశేషముగ నున్నది గాని అద్దె మాట మాకు తారసపడలేదు. అడుగవలసిన ప్రశ్నను బాలుడే యడిగెను. దానికి మేము తరగతిలో నియ్యని సమాధానమును ఈ పత్రికాముఖమున నిచ్చుచున్నాము.

ముందుగ కథ చెప్పెదము. లోయిస్ కర్టిస్ అను స్త్రీ బుద్ధిమాంద్యమును మనోవ్యాధియు గలది. 1992వ సంవత్సరము మే నెలలో జార్జియా రాష్ట్రమందలి అట్లాంటా నగరమున ప్రభుత్వపు మానసిక వైద్యశాలలో చేరెను. మరుసటి సంవత్సరము మే నెలకే ఆమె స్థితి కుదుటపడినదనియు, తగిన సహాయముండినచో బయట నివసింపవచ్చుననియు వైద్యులే యభిప్రాయపడిరి. అయినను 1996వ సంవత్సరము ఫిబ్రవరి వరకు ఆమె యచటనే యుండవలసివచ్చెను. ఎలేన్ విల్సన్ అను మరియొక స్త్రీయు వ్యాజ్యమున ఆమెతో గలిసెను. న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ వ్రాసిన తీర్పులో అట్టి నిర్బంధము వివక్షయే యని స్పష్టముగ నున్నది. కాని రాష్ట్రమునకు గల వనరులను, తక్కినవారి యవసరములను గూడ గమనింపవలెననియు, నిరీక్షించువారి జాబితా తగు వేగముతో కదలుచుండినచో రాష్ట్రమును తప్పుపట్ట వీలులేదనియు అందే యున్నది. ఆ జాబితా మాటను చదువరులు జ్ఞాపకముంచుకొందురు గాక.

ఇక లెక్క. ఆస్తియు నుద్యోగమును లేని వికలాంగునకు ఆ దేశపు సమాఖ్య ప్రభుత్వము భృతి యిచ్చును. 2025వ సంవత్సరమున అది ఒంటరి మనుష్యునకు నెలకు గరిష్ఠముగ 967 డాలర్లు. మన రూపాయలలోనికి మార్చి చూచినవారికి పెద్ద మొత్తముగ దోచును. కాని ఆ దేశమున నొక్క పడకగది గల సామాన్యపు ఇంటికి సగటు అద్దె యా భృతి మొత్తమును మించినది. అనగా అన్నము మాని, బట్ట మాని, మందు మాని, భృతినంతయు నింటివాని చేతిలో బోసినను చాలదు. ఇట్టివానితో “నీకు జనుల నడుమ నివసించు హక్కు గలదు” అని చెప్పుట యెట్టిది? రైలు టిక్కెట్టునకు డబ్బులేనివానికి రైలు వేళల పట్టిక చేతికిచ్చినట్లున్నది.

ఇందుకన్న విచిత్రమైన సంగతి మరియొకటి గలదు. బీదల వైద్యమునకై 1965వ సంవత్సరమున నేర్పడిన మెడికెయిడ్ అను పథకము, అర్హుడైన వికలాంగుడు దీర్ఘకాల సంరక్షణాలయములో చేరినచో వైద్యమునకే గాక పడకకును భోజనమునకును గూడ చెల్లించును. (నర్సింగు హోములని వారు పిలుచునవి యివియే, మన యూళ్లలోని చిన్న యాసుపత్రులు కావు.) అదే మనుష్యుడు బయట నొక గదిలో నుండి సహాయము గోరినచో, సహాయకురాలి జీతమునకు 1981వ సంవత్సరమునుండి వీలు గలిగినది గాని, గది యద్దెకు సాధారణముగ నా పథకము చెల్లింపదు. ఆలయములో చేరుట హక్కు. బయట నుండుటకు వరుసలో నిలువవలెను. చేరినవాని భృతి నెలకు 30 డాలర్లకు తగ్గిపోవును. మూడు నెలలలో తిరిగివచ్చునని వైద్యుడు వ్రాసియిచ్చినచో నింటిని నిలుపుకొనుటకై పూర్తి భృతి సాగును. నాలుగవ నెలనుండి సాగదు. కాలు విరిగి చేరినవానికి స్వస్థత ఆలస్యమైనచో ఇల్లు పోవును. ఇల్లు పోయినవాడు స్వస్థుడైనను ఎచటికి బోవును? నెలకు ముప్పది డాలర్లతో అడ్వాన్సు కూడబెట్టి కొత్త యింటిలో చేరుటకు ఎన్ని సంవత్సరములు పట్టునో మా పిల్లలే లెక్క వేయగలరు.

ఈ చిక్కును విప్పునది అద్దె సహాయమే యని మా యభిప్రాయము. అది యా దేశమున లేకపోలేదు. 1974వ సంవత్సరమున గృహచట్టమునకు చేర్చబడిన 8వ విభాగమునుండి పెరిగిన అద్దె వోచరు పద్ధతిలో బీదవాడు తన యాదాయములో సుమారు 30 శాతమును చెల్లించును. మిగిలినదానిని ఒక హద్దువరకు గృహసంస్థ నేరుగ యజమానికి చెల్లించును. 967 డాలర్ల భృతి గలవాని పాలు సుమారు 290 డాలర్లు. 1990వ సంవత్సరపు చట్టములోని 811వ విభాగము వికలాంగులకే ప్రత్యేకింపబడినది. దాని క్రింద 2011వ సంవత్సరము జనవరిలో నామోదింపబడిన సవరణ మాకు మిక్కిలి నచ్చినది. ఆ సవరణవలన వచ్చిన అద్దె సహాయము పొందు భవనములో నూటికి 25 ఇండ్లకు మించి వికలాంగులకు ప్రత్యేకింపరాదు. భవనమంతయు వారితోనే నింపినచో అదియు పేరు మారిన ఆసుపత్రియే యగునుగదా!

లోపములు లేవనము. అర్హులైన కుటుంబములలో సుమారు నాలుగింట నొకదానికి మాత్రమే సమాఖ్య ప్రభుత్వపు అద్దె సహాయము లభించుచున్నది. తక్కినవారు జాబితాలో నుందురు; జాబితాలు మూయబడిన యూళ్లును గలవు. వోచరు దొరికినను ఇల్లు దొరకవలెను. అరువది దినములలో, లేక గడువు పొడిగించినచో మరికొంత కాలములో, ఇల్లు చూచుకొననివాని వోచరు వ్యర్థమగును. చక్రముల కుర్చీ గలవానికి మెట్లులేని యిల్లు అరువది దినములలో దొరకుట తేలిక కాదు. వోచరు గలవారిని త్రోసిపుచ్చరాదని కాలిఫోర్నియా వంటి కొన్ని రాష్ట్రములు శాసించినవి గాని, దేశమంతటికి నట్టి శాసనము లేదు. గుమ్మమునకు వాలుబాట వేసికొననియ్యవలెనని 1988వ సంవత్సరపు చట్టము చెప్పుచున్నది. ప్రైవేటు ఇండ్లలో దాని ఖర్చు మాత్రము అద్దెకున్నవానిదే.

ఇంటివారుండగా ప్రభుత్వమేల యని కొందరు పెద్దలందురు. మేము కుటుంబమును తక్కువ చేయువారము కాము. కాని తల్లి వృద్ధురాలగును, తల్లి మరణించును. నలుబదియేండ్ల కుమారుడు ఆ దినమున ఆలయమునకు బోవలసినదేనా? సహాయధనము యజమానుల సంచిలోనికే పోవునను వాదములో కొంత నిజము లేకపోలేదు. ఇండ్లు కొరతగానున్న నగరమున అద్దెలు పెరుగును. అందుచేత ఇండ్లు కట్టుటయు వలయును. కాని సంరక్షణాలయమునకు ధనమిచ్చునపుడు ఆ సొమ్ము యెవరి సంచి చేరునని యడుగువారు మాకు కానరారు.

ఇక మా విద్యార్థి ప్రశ్నకు జవాబు. తీర్పు వచ్చిన పదునొకండేండ్లకు, 2010వ సంవత్సరము అక్టోబరులో, జార్జియా రాష్ట్రము సమాఖ్య ప్రభుత్వముతో నొక యొడంబడిక చేసికొనెను. తీవ్రమైన మనోవ్యాధిగల 9,000 మందిలో అవసరమైనవారికెల్ల సహాయముతో గూడిన వసతిని సమకూర్చు శక్తిని రాష్ట్రము సంపాదింపవలెనని అందున్నది. ఆ రాష్ట్రము తన సొంత ధనముతో అద్దె వోచరులిచ్చు పద్ధతి నేర్పరచెను. హక్కు పుట్టిన యూరికే అద్దె చేరుటకు అన్ని సంవత్సరములు పట్టినది.

మా దేశపు సంగతి యేమని ఆ బాలుడు మరల నడుగక మానడు. 2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టములో 5వ విభాగము వారికి సమాజమున నివసించు హక్కు నిచ్చుచున్నది; 37వ విభాగము ప్రభుత్వ గృహపథకములలో 5 శాతము వారికి కేటాయింపుమనుచున్నది. కేటాయింపులో చేరక, పట్టణమున నుద్యోగము వెదకుకొనుచు అద్దె గది కోరువాని మాటయేమి? రెండు సంవత్సరముల క్రిందట మా పూర్వ విద్యార్థి యొకడు, చంకకర్రలతో నడుచువాడు, ఈ పట్టణమున గది వెదకి వెదకి మా యొద్దకు వచ్చెను. క్రింది యంతస్తు గదుల యద్దె అతని శక్తికి మించెను. అందిన గదులన్నియు మేడమీదివి. మేము జాలిపడి దూరపు టూరిలోని వికలాంగుల ఆశ్రమమునకు సిఫారసు పత్రము వ్రాసియిచ్చితిమి. అతడు దానిని తీసికొని, మడిచి, మా బల్లమీదనే యుంచి, “అద్దెకు తక్కువైనది పన్నెండు వందలే మాస్టారూ” అనెను.